ఫ్లామెంకో గిటార్ మొదలుపెట్టేవాళ్లు పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

ఫ్లామెంకో అంటే దక్షిణ స్పెయిన్‌లో పాట, నాట్యం, గిటార్ కలిసి నడిచే సంగీతం. సామాను సంగతి ముందు తేల్చేద్దాం. నైలాన్ తీగల గిటార్, ఒక కేపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకు బిగించే క్లిప్పు), ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే యాప్) ఉంటే చాలు. మనవాళ్లు ఎక్కువగా కొనే స్టీల్ తీగల గిటార్ దీనికి పనికిరాదు. రస్గెయాదో, అంటే వేళ్లు ఒకదాని వెంట ఒకటి విదిలిస్తూ తీగలన్నీ మీటడం, దాని మీద వాయిస్తే గోళ్లు అరుగుతాయి తప్ప ఆ నాదం రాదు. గిటార్ పలక మీద వేలితో కొట్టే గోల్పే దెబ్బలు ఉంటాయి కాబట్టి పైన పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉండాలి. అది లేని క్లాసికల్ గిటార్ మీద కొట్టారంటే చెక్క పాడైపోతుంది.

ఇక పుస్తకాలు. పేరులో ‘స్పానిష్ గిటార్’ అని ఉన్నదాన్ని అనుమానంగా చూడండి. చాలావాటిలో లోపలున్నది క్లాసికల్ పాఠాలే, అట్ట మీద మాత్రం ఎర్ర గౌను వేసుకున్న నర్తకి ఉంటుంది. తేల్చుకోవడానికి ట్రెమొలో, అంటే ఒకే స్వరాన్ని వేళ్లు మార్చి గబగబా మీటే పద్ధతి, ఉన్న పేజీ తీయండి. బొటనవేలి తర్వాత మూడు మీటులే ఉంటే అది క్లాసికల్ పద్ధతి. ఫ్లామెంకోలో బొటనవేలి తర్వాత నాలుగు మీటులు: చూపుడు వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్లీ చూపుడు వేలు.

ఫ్లామెంకో గిటార్ దిగ్గజం పాకో దె లూసియా వాయించినవి స్వరాలతో సహా రాసిన పుస్తకాలను ఇప్పుడు ముట్టుకోవద్దు. అందరూ మొదట కొనేది అవే, మూడో పేజీ దగ్గర మూసేసేదీ అవే. మీకు కావలసింది మెథడ్ పుస్తకం, అంటే మొదటి నుంచి క్రమంగా పాఠాలు నేర్పేది. అందులో స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి), ట్యాబ్ (తీగల గీతల మీద గడి అంకెలు వేసే లిపి) రెండూ ఉండాలి. ట్యాబ్ ఒక్కటే ఉంటే ఏ తీగ, ఏ గడి అన్నది తెలుస్తుంది గానీ ఎంతసేపు మోగాలో చాలాసార్లు తెలియదు. ‘అసలు ఫ్లామెంకో కాగితం మీద ఉండదు, ఫ్లామెంకోకు పేరుపడ్డ స్పెయిన్ ఊరు హెరెజ్‌లో పుట్టాలి’ అనేవాళ్లు తగులుతారు. రఫాయెల్ మారిన్ 1902లోనే మాడ్రిడ్‌లో స్వరలిపి, ట్యాబ్ రెండూ వేసి మెథడ్ అచ్చు వేయించాడని వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇక్కడ తొందరపడొద్దు. పుస్తకంలో సొలెయా అనే ఫ్లామెంకో రకం పాఠం తీయండి. సొలెయా లేకపోతే ఆ పుస్తకం వద్దు. మొదటి పాఠమే రుంబా అనే మరో రకం అయినా వద్దు. రుంబా సరదాగానే ఉంటుంది, కానీ దానితో మొదలుపెట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

సొలెయాకు పన్నెండు బీట్ల చక్రం, దాన్నే కొంపాస్ అంటారు. ఒత్తులు పడేది 3, 6, 8, 10, 12 మీద. చాలా పుస్తకాలు దీన్ని మూడేసి బీట్ల చొప్పున నాలుగు బార్లుగా రాస్తాయి. గొడవంతా అక్కడే. బార్‌లో మొదటి బీట్‌ను గట్టిగా వాయించడం అందరికీ అలవాటు, కర్ణాటక సంగీతంలో తాళం వేస్తూ పెరిగినవాళ్లకు మరీను. అలా వాయిస్తే ఒత్తులు 1, 4, 7, 10 మీద పడతాయి. ఒక్క పది తప్ప అన్నీ తప్పే. వినడానికి మూడు బీట్ల పాశ్చాత్య నాట్యం వాల్ట్జ్‌లా ఉంటుంది. పైగా వాయించేవాళ్లకు అది తప్పని తెలియదు, ఎందుకంటే స్వరాలన్నీ సరిగ్గానే పలుకుతుంటాయి.

అందుకే పేజీలో మూడు చూడండి. స్వరాల మీద 1 నుంచి 12 దాకా అంకెలు వేశారా? ఒత్తుల గుర్తులు విడిగా కనిపిస్తున్నాయా? ప్రతి ఫాల్సెతా, అంటే ప్రతి చిన్న స్వరఖండం, ఏ అంకె మీద మొదలవుతుందో చెప్పారా? ముందుమాటలో ఒక్కసారి కొంపాస్ గురించి చెప్పి తర్వాత పేజీల్లో అంకెలు ఎగ్గొట్టే పుస్తకాలు బోలెడు. కొత్తవాళ్లకు అవి పనికిరావు.

అంకెలు ఉన్నా సరే, కొనే ముందు గిటార్ లేకుండా ఒక వరుస చప్పట్లతో వేసి చూడండి. మెట్రోనోమ్ 80 దగ్గర పెట్టి, పైకి లెక్కపెడుతూ, ఒత్తు ఉన్నచోట చప్పట్లు గట్టిగా, మిగతాచోట్ల మెల్లగా. పదకొండు, పన్నెండు నోటికి పొడవుగా తగిలితే పది తర్వాత ‘ఒకటి, రెండు’ అనండి. మామూలు సొలెయా వరుస పదో బీట్ మీద మూల కార్డ్‌కు (ఒకేసారి మోగే స్వరాల గుంపుకు) చేరి కుదురుకుంటుంది. పేజీ చూస్తూ ఆ పదిని పట్టుకోగలిగారంటే పుస్తకం మీకు సరిపోతుంది. నాలుగైదు సార్లు చూసినా దొరకలేదంటే అది మీ మొద్దుతనం కాదు, అచ్చు బాగోలేదు.

రస్గెయాదో పేజీలో బాణాల అర్థం కూడా చదవండి. చాలా పుస్తకాల్లో పైకి చూపే బాణం అంటే లావు తీగ నుంచి సన్న తీగ వైపు, అంటే చెయ్యి కిందికి కదులుతుంది. ఈ వివరణ ఇవ్వని పుస్తకంతో నెలల తరబడి తలకిందులుగా వాయించేవాళ్లున్నారు.

ఆడియో ఉండాలి, అదీ నెమ్మది వేగంలో. వీడియోలుంటే పుస్తకం దేనికని అడుగుతారు. వీడియోలో వేళ్లు కనిపిస్తాయి, పన్నెండు బీట్లూ ఒకేసారి కళ్ల ముందు పరచుకోవు. నాకు పుస్తకమే ముఖ్యం, ఆడియో తోడు.

పేరు చెప్పమంటే, 1978లో వచ్చిన హువాన్ మార్టిన్ మెథడ్ ‘ఎల్ ఆర్తె ఫ్లామెంకో దె లా గితార్రా’. నొటేషన్, ట్యాబ్ రెండూ ఉన్నాయి. నిదానంగా చదవాలి, రోజుకో పేజీ తిప్పే పుస్తకం కాదు. ఆన్‌లైన్‌లో కొంటే లోపలి పేజీల నమూనా చూసి, పైన చెప్పిన పరీక్ష పెట్టాకే డబ్బు కట్టండి. రెండో పుస్తకం మాత్రం సొలెయా, తాంగోస్ అనే మరో రకం తడబడకుండా వచ్చేదాకా కొనొద్దు. బులెరియాస్ అనే వేగమైన రకం కూడా పన్నెండు బీట్లే కదా అని ముందే అటు దూకకండి, ఆ వేగంలో లెక్కపెట్టడానికి ఎవరికీ తీరిక దొరకదు.