ఓడ నమూనాల పని బల్ల: సమస్య - కారణం - పరిష్కారం

చెక్కతో ఓడ నమూనాలు కట్టేవారు పలక సరిగా అతకకపోయినా, తాడు ముడి జారినా ముందు తమ చేతిని, తరువాత కొన్న కిట్‌ను తప్పుపడతారు. ఇలాంటి లోపాలలో చాలావాటికి మూలం గదిలోని గాలిలో, వెలుతురులో, బల్ల ఎత్తులో, సామాను సర్దిన తీరులో ఉంటుంది. కాబట్టి నమూనాను విప్పి సరిచేయబోయే ముందు పనిచేసే చోటును పరిశీలించడం మంచిది.

సమస్య: బిగువుగా పరిచిన పలకల మధ్య కొన్నాళ్లకు సందులు పడుతున్నాయి, లేదా పలకలు ఉబ్బి పైకి లేస్తున్నాయి.

కారణం: చెక్క గాలిలోని తేమను పీల్చుకున్నప్పుడు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు అదే దిశలో కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. ఓడ పక్కలకు వరుసగా పరిచే సన్నని పట్టీలలో ఒక్కొక్కదానికి వచ్చే మార్పు కొద్దిదే అయినా, అది వరుస మొత్తం మీద కూడి ఎక్కడో ఒకచోట కంటికి కనిపించే సందుగా తేలుతుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో వానాకాలంలో పరిచిన పలకలు ఏసీ గదిలోకి మార్చిన తరువాత విడిపోవడానికి, హైదరాబాదు ఎండల్లో బిగించినవి వానలు పడగానే ఉబ్బడానికి, అమెరికాలో చలికాలమంతా హీటరు నడిచే ఇళ్లలో సందులు తెరుచుకోవడానికి కారణం ఇదే.

పరిష్కారం: తేమ మీటరు ఒకటి బల్ల మీద ఉంచి వారం పాటు గమనించండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బాగుంటుంది కానీ, తీరప్రాంతంలో ఏసీ లేకుండా అది కుదిరే పని కాదు. అంకె కంటే నిలకడ ముఖ్యం. కొత్తగా వచ్చిన పట్టీలను కట్ట విప్పి, పని జరిగే గదిలోనే కొన్ని రోజులు ఉంచిన తరువాత వాడాలి. అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది: నానబెట్టి వంచిన పట్టీని తడి మీద అతికించకూడదు. దానిని ఓడ వంపు మీదనే క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు తీసి జిగురు పెట్టాలి. ఇప్పటికే పడిన సందు సన్ననిదైతే అదే చెక్క పొట్టును తెల్ల జిగురులో కలిపి నింపవచ్చు. వెడల్పైన సందులో మాత్రం అదే చెక్క నుంచి చీల్చిన పుల్లను దూర్చడమే సరైన పని, ఎందుకంటే జిగురు కలిసిన పొట్టు వార్నిష్‌ను పీల్చుకోక మచ్చగా మిగిలిపోతుంది.

సమస్య: ఇన్‌స్టంట్ జిగురు పెట్టిన చోట చుట్టూ తెల్లని పొర కడుతోంది.

కారణం: ఈ జిగురు తేమ తగలగానే గట్టిపడుతుంది. గాలి ఆడని, ఉక్కగా ఉన్న గదిలో దాని ఆవిరి పక్కనే దిగి తెల్లగా పేరుకుంటుంది; జిగురు ఎక్కువైతే మచ్చ కూడా ఎక్కువవుతుంది.

పరిష్కారం: సీసా నుంచి నేరుగా పిండకుండా సూది మొనతో చుక్క అందుకుని పెట్టండి, ఆవిరి కిటికీ వైపు పోయేలా చిన్న ఫ్యాను అమర్చండి. వార్నిష్ వేయని చెక్క మీద పడిన మచ్చను సన్న రకం ఉప్పు కాగితంతో తీయవచ్చు. కంటికి ఆనే చోట్ల మాత్రం తెల్ల జిగురే వాడాలని నా అభిప్రాయం. తొందర తప్ప ఇన్‌స్టంట్ జిగురుకు అక్కడ వేరే అవసరం లేదు. ఒలికిన జిగురును నూలు గుడ్డతో తుడవకండి, నూలు తగిలితే అది చేయి కాలేంతగా వేడెక్కుతుంది.

సమస్య: కప్పీలు, ఇత్తడి కొక్కేలు వంటి చిన్న భాగాలు పట్టకారు నుంచి ఎగిరి కనబడకుండా పోతున్నాయి.

కారణం: భాగం పడిపోవడం కంటే, పడినదాన్ని అక్కడే ఆపలేకపోవడమే ఇక్కడ అసలు లోపం. దానికి సీలింగ్ ఫ్యాను కింద బల్ల వేయడం, గచ్చు మీద తివాచీ పరచడం తోడవుతాయి.

పరిష్కారం: బల్లను ఫ్యాను నేరుగా తగలని గోడ పక్కకు జరపండి. ఒక లేతరంగు గుడ్డ అంచును బల్ల ముందు భాగానికి డ్రాయింగ్ పిన్నులతో బిగించి, రెండో అంచును నడుముకు దోపుకుంటే, జారిన ప్రతిదీ ఒడిలోనే పడుతుంది. నగల పనివారు తమ బల్లకు తోలు కట్టుకునేది ఇందుకే. ఇత్తడి తీగను కత్తిరించేటప్పుడు చేతులు రెండూ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి కత్తిరిస్తే ముక్క బయటికి పోదు. అయినా ఒకటి నేల మీదికి పోతే, గదిలో దీపాలు ఆర్పి టార్చిని గచ్చుకు ఆనించి అడ్డంగా వేయండి. ఆవగింజంత కప్పీకి కూడా పొడవైన నీడ పడుతుంది. అప్పటికీ దొరకకపోతే వాక్యూమ్ గొట్టం మూతికి పాత మేజోడు తొడిగి లాగాలి.

సమస్య: గంటసేపు తాళ్ల పని చేస్తే మెడ పట్టేస్తోంది, కళ్లు లాగుతున్నాయి.

కారణం: మామూలు బల్ల ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు. రాతపనికి అది చాలు కానీ, తెరచాప కొయ్యల మధ్య ముడులు వేయడానికి తల వంచక తప్పదు. పైగా వెనకనున్న ట్యూబులైటు వల్ల మన నీడ సరిగ్గా ముడి మీదే పడుతుంది.

పరిష్కారం: బల్లను మార్చనక్కరలేదు, నమూనాను పీటతో సహా ఒక దృఢమైన పెట్టె మీదికి ఎక్కించి, ముడి పడే చోటు ఛాతీ ఎత్తుకు వచ్చేలా చూడండి. రెండు దీపాలను చెరోవైపు పెడితే ఒకదాని నీడను మరొకటి తుడిచేస్తుంది. బల్బు కొనేటప్పుడు సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి తగ్గకుండా చూసుకుంటే, రాత్రి ఎంచిన రంగు పగలు చూసి ఉలిక్కిపడే అవస్థ కూడా తప్పుతుంది.

సమస్య: వార్నిష్ మీద నలకలు పడుతున్నాయి.

సాన పట్టే చోటు, రంగు వేసే చోటు ఒకటే కావడం దీనికి కారణం. సాన పని బాల్కనీకి మార్చి, ఎన్-95 మాస్కు పెట్టుకుని చేయండి. రంగు వేసే ముందు బల్లను తడిగుడ్డతో తుడిచి, వేసిన వెంటనే అట్టపెట్టె బోర్లించండి.

సమస్య: అద్దాల పెట్టెలో దాచిన నమూనా ఫిరంగుల మీద తెల్లని పొడి తేలుతోంది.

కారణం: ఆ ఫిరంగులు సీసపువై ఉంటాయి. ఓక్ చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక)ల నుంచి, పులుపు వాసన వచ్చే సిలికాన్ నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో నిలిచిపోయి సీసాన్ని తినేస్తుంది. పెట్టె ఎంత బిగుతుగా ఉంటే నష్టం అంత ఎక్కువ.

పరిష్కారం: పెట్టెకు గాలి ఆడే సందులు ఉంచి, అడుగుకు ఎండీఎఫ్ బదులు యాక్రిలిక్ వాడండి, వీలైతే సీసపు భాగాలను ఇత్తడివాటితో మార్చండి. ఆ పొడి విషం కాబట్టి ఊదకూడదు. గ్లవుజులు తొడుక్కుని తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను పారేయాలి.

సమస్య: కొయ్యలు నిలిపిన తరువాత నమూనా బల్ల మీద గానీ అలమరలో గానీ పట్టడం లేదు.

కారణం: పనిచోటును ఓడ శరీరం పొడవును బట్టి కొలుచుకోవడం. 1869లో నీటిలోకి దిగిన బ్రిటిష్ తెరచాప ఓడ కట్టీ సార్క్‌నే తీసుకుంటే, దాని శరీరం సుమారు 65 మీటర్లు, ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యతో కలిపి 85 మీటర్లు. 1:96 కొలతలో మొదటిది 68 సెంటీమీటర్లు, రెండవది 89 సెంటీమీటర్లు.

పరిష్కారం: కిట్ కొనేటప్పుడే మొత్తం పొడవు, ఎత్తు చూసి, ఇరువైపులా జానెడు చొప్పున కలుపుకుని చోటు నిర్ణయించండి. చోటు తక్కువైతే ముందుకొయ్యను, పై కొయ్యలను చివరిదాకా అతికించకుండా, జిగురు లేకుండా అమర్చి పక్కన పెట్టుకోవచ్చు. పూర్తయిన నమూనాను తలుపు గుండా ఏ దిశలో తీసుకెళ్లాలో కూడా ముందే కొలిచి చూసుకోండి.