బడ్జెట్ నుంచి మార్చి నెలాఖరు దాకా: డబ్బుకు మూఢం

మా బీరువాలో ఒక పాలసీ బాండు ఉంది. 2011 మార్చి ఆఖరి వారంలో తీసుకున్నది. పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో పొదుపు ప్రూఫులు ఇవ్వడానికి రెండు రోజులే గడువు. ఇవ్వకపోతే ఆ నెల జీతంలో పన్ను కోసేస్తారని టెన్షన్. బ్యాంకులో ఎదురుగా కూర్చున్నాయన పెన్సిల్‌తో గుర్తులు పెట్టి "సార్, ఇక్కడ, ఇక్కడ, ఇంకొకటి ఇక్కడ" అంటుంటే సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఆ ఏడాది నాకు మిగిలిన పన్ను 6 వేల చిల్లర. దానికోసం ఒప్పుకున్నది ఏటా 30 వేల చొప్పున 20 ఏళ్లు కట్టడానికి. మొదటి మూడేళ్లు కట్టకుండా మానేస్తే చేతికి ఏమీ రాదని తర్వాత తెలిసింది. అందుకని ఆ మూడేళ్లూ కట్టాను, ఆ తర్వాత మానబుద్ధి కాక ఇప్పటికీ కడుతూనే ఉన్నాను.

అప్పటి నుంచి నాకో లెక్క ఉంది. జనవరిలో హెచ్ఆర్ నుంచి ప్రూఫుల మెయిల్ వచ్చిన రోజు నుంచి మార్చి 31 దాకా డబ్బుకు మూఢం నడుస్తున్నట్టే. మూఢంలో పెళ్లిళ్లు పెట్టుకోం, కొత్త ఇంట్లోకి వెళ్లం. కానీ ఎప్పటి నుంచో నడుస్తున్న పనులు ఆపం కదా. ఇక్కడా అంతే. మ్యూచువల్ ఫండులోకి నెలనెలా పోయే సిప్ వాయిదా పోనివ్వాలి, కట్టాల్సిన ఆరోగ్య బీమా కట్టాలి. ఏళ్ల తరబడి డబ్బు ఇరుక్కుపోయే కొత్త సంతకాలు మాత్రం ఈ మూడు నెలల్లో వద్దు.

ఏదైనా కొనే ముందు తేల్చుకోవాల్సింది పాత, కొత్త పన్ను విధానాల్లో మీరు ఎందులో ఉన్నారన్నది. ఇది తెలియకుండానే పన్ను మిగులుతుందని పాలసీలు కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బీమా, పీపీఎఫ్ లాంటి పొదుపులకు 80సీ సెక్షన్ కింద ఇచ్చే లక్షన్నర మినహాయింపు పాత విధానంలోనే దొరుకుతుంది. కొత్త విధానంలో మీరు పీపీఎఫ్‌లో (ప్రభుత్వ భవిష్య నిధి ఖాతాలో) వేసినా, ఈఎల్ఎస్ఎస్ (పన్ను మిగిల్చే షేర్ల ఫండు) కొన్నా పన్నులో ఒక్క రూపాయి తగ్గదు. మీరు చెప్పకపోతే ఆఫీసు మిమ్మల్ని కొత్త విధానంలోనే వేస్తుంది.

2025 బడ్జెట్ స్లాబులతో ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 16 లక్షల జీతం ఉన్న మనిషికి కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను, సెస్సుతో కలిపి 1,13,100 రూపాయల పన్ను పడుతుంది. అదే మనిషి పాత విధానంలో 80సీ లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు అన్నీ చూపించినా 2,34,000 కట్టాలి. రెండూ సమానం కావాలంటే అతను ఇంటి అద్దె, హోమ్ లోన్ వడ్డీ లాంటివి ఇంకో 3 లక్షల 94 వేల దాకా చూపించాలి. హైదరాబాద్‌లో పెద్ద అద్దె కడుతూ, ఊళ్లో ఇంటి మీద లోన్ కూడా ఉన్నవాళ్లకు అది కుదరవచ్చు. మిగతావాళ్లు మార్చిలో పాలసీ కొనడం వల్ల పన్ను మిగలదు, కమిషన్ మాత్రం ఏజెంటుకు మిగులుతుంది. ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో లెక్క వేసే సదుపాయం ఉచితంగానే ఉంది. పావుగంట పని.

కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్న మాటను చాలామంది పూర్తిగా వినలేదు. ఆ రిబేటు, అంటే పన్ను మాఫీ, జీతం, వడ్డీ లాంటి ఆదాయాలకే. షేర్లు ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభానికి అది వర్తించదు. 9 లక్షల జీతం ఉన్న కుర్రాడు షేర్లలో అటూ ఇటూ చేసి 80 వేలు లాభం చేసుకుంటే, జీతం మీద పన్ను సున్నా, ఆ లాభం మీద మాత్రం 20 శాతం చొప్పున సెస్సుతో కలిపి 16,640. రిటర్న్ వేసే రోజున ఇది తెలిసి లబోదిబోమనే బదులు ఆ మొత్తాన్ని ముందే పక్కన పెట్టుకోవడం మంచిది.

ఇక బడ్జెట్ రోజు. 2017 నుంచి సాధారణంగా ఫిబ్రవరి 1నే పెడుతున్నారు. ఆ రోజు టీవీ పెట్టుకుని చూడండి, తప్పు లేదు, నేనూ చూస్తాను. ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ మాత్రం తెరవకండి. 2020 ఫిబ్రవరి 1న సెన్సెక్స్ 988 పాయింట్లు పడింది. సరిగ్గా ఏడాదికి 2021 ఫిబ్రవరి 1న 2,314 పాయింట్లు పెరిగింది. ఎన్నికల తర్వాత 2024 జులై 23న పెట్టిన బడ్జెట్ ఇంకా విచిత్రం. షేర్ల లాభం మీద దీర్ఘకాలిక (ఏడాది దాటాక అమ్మితే) పన్ను 10 నుంచి 12.5 శాతానికి, స్వల్పకాలికం (ఏడాదిలోపు అమ్మితే) 15 నుంచి 20కి పెంచుతున్నట్టు చెప్పగానే సెన్సెక్స్ 1,200 పాయింట్లకు పైగా జారింది. సాయంత్రం మార్కెట్ మూసేసరికి నష్టం 73 పాయింట్లే. మధ్యాహ్నం కంగారుపడి అమ్మినవాళ్లకు ఆ రోజే అమల్లోకి వచ్చిన కొత్త రేటు కూడా పడింది. తక్కువ ధరకు అమ్ముకుని, ఎక్కువ పన్ను కట్టారన్నమాట.

ఎన్నికల ఫలితాల రోజులూ ఇలాంటివే. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి 2,500 పాయింట్లు పెరిగిన మార్కెట్ మర్నాడు ఫలితాలు వస్తుంటే 4,390 పాయింట్లు కూలింది. పిల్లల కాలేజీ ఫీజుకో, ఏడాదిలో ఉన్న పెళ్లికో దాచిన డబ్బు ఆ రెండు రోజుల్లో షేర్లలో ఉంటే నిద్ర పట్టదు. అందుకే డిసెంబర్‌లోనే కూర్చుని, వచ్చే రెండు మూడేళ్లలో ఏ డబ్బు ఏ తేదీకి కావాలో కాగితం మీద రాయండి. ఆ డబ్బు ఎఫ్‌డీలోకో, పొదుపు ఖాతాలోకో ముందే వచ్చేయాలి. ఎఫ్‌డీ అనగానే ఉన్నదంతా ఒకే బ్యాంకులో పెట్టేయకండి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. పట్టణ సహకార బ్యాంకులో అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడేవాళ్లు ఈ 5 లక్షల గీత గుర్తుంచుకోవాలి.

బడ్జెట్ ప్రసంగంతోనే కథ అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. మంత్రి చదివింది చట్టం కాదు. ఆ పన్ను మార్పులుండే ఫైనాన్స్ బిల్లు పార్లమెంటులో పాసయ్యేలోగా చాలా మారొచ్చు. 2023లో బాండ్లలో డబ్బు పెట్టే డెట్ ఫండ్ల లాభాన్ని పూర్తిగా స్లాబు ప్రకారం పన్నులోకి తెచ్చిన మార్పు ఫిబ్రవరి 1 ప్రసంగంలో లేదు. మార్చి 24న బిల్లుకు సవరణగా వచ్చి, ఏప్రిల్ 1 నుంచి కొన్నవాటికి అమలైంది. 2024లో దీనికి తలకిందులుగా జరిగింది. స్థలాలు, ఇళ్ల అమ్మకంలో ద్రవ్యోల్బణాన్ని బట్టి కొన్న ధరను పెంచి చూపించే ఇండెక్సేషన్‌ను జులై 23న తీసేశారు. గోల పుట్టింది. రెండు వారాలకు, ఆగస్టులో, ఆ తేదీకి ముందు కొన్న ఆస్తులకు పాత 20 శాతం ఇండెక్సేషన్‌తోనా, కొత్త 12.5 శాతం అది లేకుండానా, ఏది తక్కువైతే అది అన్న వెసులుబాటు ఇచ్చారు. ఈలోగా ప్లాటు బేరాన్ని తెంచుకున్నవాళ్లు ఊరికే తెంచుకున్నారు.

ఆ వెసులుబాటులో ఒక మెలిక ఉంది. అది భారత్‌లో నివాసి అయినవాళ్లకే. గుంటూరు దగ్గరో, శంషాబాద్ దగ్గరో ఉన్న ప్లాటు అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఉంటే వర్తించదు. "వాడి పేరున ఉంటే ఏంటి, నా పేరున ఉంటే ఏంటి" అనుకునే నాన్నలు అగ్రిమెంటుకు ముందే ఆడిటర్‌ను అడగాలి. అన్నట్టు, అక్కడున్న పిల్లల పేరున ఇక్కడ మ్యూచువల్ ఫండ్లు కొనిపెట్టడం కూడా ప్రేమతో చేసే చెరుపే. అమెరికా పన్ను చట్టం మన ఫండ్లను వేరే కోవలో చూస్తుంది. లాభం మీద పన్ను, కాగితాల పని రెండూ భారంగా ఉంటాయి.

బంగారం గురించి క్లుప్తంగా చెబుతాను. అదే 2024 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గిస్తే రేటు ఒక్కసారిగా దిగింది. శ్రావణ మాసం రెండు వారాల్లో ఉందనగా వచ్చిన ఆ తగ్గింపుతో వరలక్ష్మీ వ్రతానికి ఆగినవాళ్లు బాగుపడ్డారు, ముందే కొన్నవాళ్లు తిట్టుకున్నారు. ఇందులో తెలివి ఏమీ లేదు, అదృష్టమే. పెళ్లికి కావాల్సిన బంగారాన్ని నాలుగైదు విడతల్లో కొంటే ఏ ఒక్క రోజు ధర మీదా ఆధారపడక్కర్లేదు.

మార్చిలో చేయదగ్గ పని ఒకటుంది. షేర్లు, షేర్ల ఫండ్ల మీద ఏడాది దాటిన లాభంలో ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు. 2 లక్షల లాభం ఉన్న ఫండును ఎలాగూ అమ్మాలనుకుంటే, ఒకేసారి అమ్మితే 75 వేల మీద 12.5 శాతం, అంటే 9,375 రూపాయలు, పైన సెస్సు. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం అమ్మితే సున్నా. కానీ అమ్మే అవసరమే లేనివాళ్లు ఈ 9 వేల కోసం మంచి ఫండును కదిలించడం నాకు నచ్చదు. నష్టంలో అమ్మినవి ఉంటే గడువులోగా రిటర్న్ వేయండి. అప్పుడే ఆ నష్టాన్ని 8 ఏళ్ల దాకా తర్వాత వచ్చే లాభాల్లో తగ్గించుకోవచ్చు.

ఫోన్‌కు వచ్చేవాటి సంగతి. "మీ రీఫండ్ 18 వేలు మంజూరైంది, లింకు నొక్కండి" అన్న మెసేజ్ రిటర్న్ వేయనివాళ్లకు కూడా వస్తుంది. ఆదాయపు పన్ను శాఖ మెసేజ్‌లో పిన్, ఓటీపీ అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆఫీసుల చుట్టూ తిరిగి, దొంగ అద్దె రసీదులు, విరాళాల కాగితాలతో రీఫండ్ ఇప్పిస్తాం, అందులో 10 శాతం మాకు అనేవాళ్లు మరీ ప్రమాదం. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడేది మీకే, వాళ్ల పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో బడ్జెట్ రోజు ఆప్షన్స్ (ధర ఎటు కదులుతుందో అన్న పందెం లాంటి ట్రేడింగ్) టిప్పులిచ్చే గురువుల మాట వినేముందు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో బయటపెట్టిన లెక్క చూడండి. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే.

ఇంత చెప్పినా మార్చిలో ఎవరో ఒక బంధువు మొహమాటంతో సంతకం పెట్టిస్తారు. మామయ్యే ఏజెంటయితే కాదనడం కష్టం. పెట్టేశారా, బాండు చేతికి అందిన తేదీ రాసి పెట్టుకోండి. బీమా పాలసీని నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. స్టాంపు, వైద్య పరీక్షల ఖర్చు, గడిచిన రోజుల బీమా రక్షణకు అయిన రిస్కు ప్రీమియం పోను మిగతా డబ్బు వస్తుంది. ఆ పని కంపెనీకి రాతపూర్వకంగా చేయాలి. మామయ్యకు ఫోన్ చేసి చెబితే 30 రోజులు ఫోన్‌లోనే అయిపోతాయి.

పాత విధానంలో ఉండి 80సీకి పీపీఎఫ్ కట్టేవాళ్లు మార్చి 31న పరుగెత్తే బదులు ఏప్రిల్ 5లోగా కట్టే అలవాటు చేసుకోవాలి. నెలలో 5వ తేదీ దాటాక వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. 7.1 శాతం రేటుతో లక్షన్నర ఏప్రిల్ మొదట్లో వేస్తే ఆ ఏడాదికి 10,650 వడ్డీ. మార్చి 31న వేస్తే ఆ ఏడాదికి ఏమీ లేదు. పన్ను మినహాయింపు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇప్పుడు కొత్తగా ఒకటి వచ్చి పడింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. మనకు నోరు తిరిగిన 80సీ ఇప్పుడు 123వ సెక్షన్. కాబట్టి ఎవరైనా వచ్చి "80సీ తీసేశారండీ, ఈ పాలసీకి ఇదే ఆఖరి ఛాన్స్" అంటే మంచినీళ్లిచ్చి పంపండి.