బ్యాంకులో డబ్బున్నా జీతాలకు చాలట్లేదా? మా కళాకేంద్రం అనుభవం

మాది చిన్న రిజిస్టర్డ్ సొసైటీ. కూచిపూడి, మృదంగం క్లాసులు, అద్దెకిచ్చే హాలు. పాస్‌బుక్‌లో లక్షలు కనిపించేవి, వేసవి వచ్చిందంటే మాస్టార్ల జీతాలు ఆగేవి. ఫీజులు పెంచాం, సావనీరు వేశాం, దాతల చుట్టూ తిరిగాం, లాభం లేదు.

పనిచేసింది ఇది. ముందు బ్యాంకు నిల్వ లెక్కలోంచి ఫలానా పనికేనని వచ్చిన గ్రాంట్లు (మైకుసెట్టు, నాటకోత్సవం) తీసేశాం. తర్వాత అడ్వాన్సు ఫీజులు, హాలు డిపాజిట్లు. కార్పస్ (అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడుకోవాల్సిన మూలనిధి) అని దాత రాసిచ్చినదాన్ని విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగిస్తే నెలన్నర కూడా రాలేదు! ఆ ఒక్క అంకె చూశాకే కమిటీ కదిలింది. గ్రాంటు దరఖాస్తుల్లో కరెంటు, మరమ్మతులు, వాచ్‌మన్ జీతంలో వాటా కూడా అడగడం మొదలుపెట్టాం. ఈ వేసవి జీతాలు ఒకటో తారీఖునే పడ్డాయి.

హాలు ఆదాయం లేనివాళ్లకు ఇంతగా పనికొస్తుందో లేదో చెప్పలేను. నిర్వహణ ఖర్చు అనగానే ముఖం తిప్పుకునే దాతలూ ఉంటారు.