జాక్ ప్రెవేర్ కవితను తెలుగు చేయడం ఎలా

ఫ్రెంచి కవి ప్రెవేర్‌ను తెలుగు చేయాలనుకునేవారు నిఘంటువు తెరవడానికి ముందు ఆయన మొదటి సంపుటి పేరును ఒకసారి తెలుగులో పైకి అనుకోవాలి. 1946లో వెలువడిన ఆ పుస్తకం పేరు 'పారోల్', అంటే 'మాటలు'. తెలుగు సినిమా టైటిళ్లలో కథ, స్క్రీన్‌ప్లేల పక్కన కనిపించే 'మాటలు' అన్న కార్డే ఈ పేరుకు సరైన అనువాదమని నేను నమ్ముతాను. ఆ పుస్తకం వచ్చేనాటికి ఫ్రాన్సులో ఆయన కవిగా కన్నా సినిమాలకు మాటలు రాసే మనిషిగానే ఎక్కువమందికి తెలుసు. పింగళి నాగేంద్రరావు, ఆత్రేయ వంటివారు ఒకే కలంతో మాటలూ పాటలూ రాసిన మద్రాసులో ఉంటున్న మనకు ఇది వింతగా తోచదు. కనుక ఆయన కవితను పద్యంలా కాకుండా, నటుడి చేతికి అందించే డైలాగు కాగితంలా చదవడం అలవాటు చేసుకోవాలి. మిగిలిన పద్ధతులన్నీ దీని నుంచే వస్తాయి.

ఆయన జీవితంలో అనువాదకుడికి పనికివచ్చే భాగం చిన్నదే. 1900 ఫిబ్రవరి 4న పారిస్ పక్కనున్న న్యొయీలో పుట్టిన ప్రెవేర్, పదిహేనేళ్ల వయసుకే బడి మానేసి దుకాణాల్లో పనిచేశాడు. తరువాత కొంతకాలం, తర్కాన్ని పక్కనపెట్టి కలలను, అంతశ్చేతనను నమ్ముకున్న సర్రియలిస్టులతో తిరిగి, వారి నాయకుడు ఆంద్రే బ్రెతాఁతో తెగతెంపులు చేసుకున్నాడు. 1932 నుంచి 1936 వరకు 'అక్టోబర్' అనే నాటక బృందానికి నాటికలు రాశాడు. ఆ బృందం కార్మికుల సభల్లో, సమ్మెలు జరుగుతున్న చోట్ల ప్రదర్శనలిచ్చేది. ఒక్కసారి వినగానే అర్థం కాని వాక్యానికి అక్కడ విలువ లేదు. అందుచేత ప్రెవేర్ అనువాదంలో నాలుగు పదాల సమాసం కనిపిస్తే, అది ఎంత అందంగా ఉన్నా కొట్టివేయడం మంచిది.

కలం పట్టే ముందు సినిమా ఒకటైనా చూడాలి. మార్సెల్ కార్నే దర్శకత్వంలో ఆయన రాసిన చిత్రాల్లో 1938 నాటి 'పొగమంచు రేవు', 1939 నాటి 'తెల్లవారుతోంది', 1945లో విడుదలైన 'స్వర్గపు పిల్లలు' ముఖ్యమైనవి. నేనైతే చివరిదానితో మొదలుపెట్టమంటాను. మూడు గంటలు దాటిన ఆ చిత్రాన్ని జర్మన్ల ఆక్రమణ కాలంలో తీశారు. యూదులైన సంగీత దర్శకుడు జోసెఫ్ కోస్మా, కళా దర్శకుడు అలెగ్జాండర్ త్రోనేర్ ఆ చిత్రానికి రహస్యంగా పనిచేశారు. ఇక ఆ పేరులోని స్వర్గం దేవలోకం కాదు. నాటకశాలలో అన్నిటికన్నా పైన, కప్పుకు దగ్గరగా ఉండే చవక సీట్ల అంతస్తును ఫ్రెంచివారు అలా పిలుస్తారు. మన దగ్గర ఒకప్పుడు పేదవాడి సీటు తెర ముందు నేల మీద ఉండేది కనుక దిక్కు తలకిందులవుతుంది, కానీ 'నేల టికెట్టు జనం' అన్నప్పుడు కలిగే భావమే అక్కడా ఉంది.

ఇక అనువాదానికి కూర్చోవచ్చు. మొదటి ప్రయత్నానికి ఉదయపు కాఫీ కవితను తీసుకోవాలి. ఫ్రెంచి నేర్పే చాలా తరగతుల్లో భూతకాలం పాఠానికి దీన్ని వాడుకుంటారు. నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులోని అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో చదువుకున్నవారిలో చాలామందికి ఇది నోటికి వచ్చే ఉంటుంది. ఫ్రెంచి పేరుకు 'ఉదయపు అల్పాహారం' అని అర్థం ఉన్నా, దాన్ని 'టిఫిన్' అని మాత్రం మార్చవద్దు, ఎందుకంటే మద్రాసు పాఠకుడు చివరిదాకా ఇడ్లీ కోసం ఎదురుచూస్తాడు, కవితలో తినేదేమీ లేదు. ఒక మనిషి కప్పులో కాఫీ పోసుకుంటాడు, పాలు, పంచదార వేసుకుంటాడు, చిన్న చెంచాతో తిప్పి తాగుతాడు, సిగరెట్ కాలుస్తాడు, టోపీ, రెయిన్‌కోటు వేసుకుని వానలోకి వెళ్లిపోతాడు. ఎదురుగా ఉన్న మనిషితో ఒక్క మాట మాట్లాడడు, ఆ వంక చూడడు. ఆ ఎదుటి మనిషి ఏడుస్తుంది, లేదా ఏడుస్తాడు. జరిగేది ఇంతే.

నా మొదటి ప్రతిలో దీన్ని 'పోసి, కలిపి, తిప్పి, తాగి' అంటూ క్త్వార్థకాలతో అల్లుకుపోయాను, తెలుగుకు అది సహజం కనుక. టి.నగర్‌లో ఒక స్నేహితుల ఇంట్లో చదివి వినిపించినప్పుడు, వంటింటి గుమ్మంలో నిలబడి విన్న పెద్దావిడ, "కాఫీ కలిపే విధానం బాగానే చెప్పావు నాయనా, ఏడుపెందుకు?" అని అడిగారు. లోపం అప్పుడు తెలిసింది. ఫ్రెంచిలో ప్రతి పనీ పూర్తయి, ఒక్కొక్క తలుపు మూసినట్టు విడిగా ముగుస్తుంది. మనం వాటిని అసమాపక క్రియలతో దారం గుచ్చినట్టు కలిపేస్తే ఆ మనిషి హాయిగా కాఫీ తాగుతున్నట్టుంటుంది. కనుక ప్రతి పంక్తికీ వాక్యాన్ని ముగించే సమాపక క్రియే ఉండాలి: పోశాడు, వేశాడు, తిప్పాడు, తాగాడు. 'కప్పులో' వంటి మాటను మాట్లాడే తెలుగులోలాగా క్రియ తరువాత, కింది పంక్తిలోకి జారవిడవవచ్చు. మూలంలో విరామ చిహ్నాలు లేవు, మనకూ అవసరం రాదు, ఎందుకంటే మన సమాపక క్రియే చుక్క పెట్టే పని చేస్తుంది.

తరువాతి చిక్కు, ఫ్రెంచిలో మగవాడిని సూచించే 'ఇల్' అనే సర్వనామం. 'ఆయన' అంటే భర్త అయిపోతాడు, 'వాడు' అంటే కొడుకో, కోపమో వస్తుంది, 'అతను' అంటే పొరుగింటివాడవుతాడు. మూలంలో ఆ బంధం ఏమిటో చెప్పలేదు కనుక సర్వనామాన్నే వదిలేయడం ఉత్తమం. పంక్తి పంక్తికీ వచ్చే 'డు' ప్రత్యయం ఫ్రెంచిలోని 'ఇల్' దెబ్బలా పడుతూ వస్తుంది, చివర ఒక్కసారిగా 'ఏడ్చాను' అన్నచోట ఆ 'డు' కాస్తా 'ను' అవుతుంది. ఏడ్చినది ఆడమనిషో మగమనిషో ఫ్రెంచి వాక్యం చెప్పదు, మన ఉత్తమ పురుష క్రియా చెప్పదు. కప్పు, చెంచాలను డవరా, గ్లాసులుగా మార్చాలన్న కోరిక పుడుతుంది కానీ మానుకోవాలి. డవరాలోకి ఎత్తి పోసే చప్పుడు ఆ గదిలోని మౌనాన్ని చెడగొడుతుంది.

రెండో ప్రయత్నానికి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన ఫ్రాన్సులోని బ్రెస్ట్ నగరపు వానను తలచుకునే 'బార్బారా' తగినది. తెలియని అమ్మాయిని కవి 'నువ్వు' అని పిలిచి, తాను ప్రేమించే వారందరినీ అలాగే పిలుస్తానని సంజాయిషీ చెప్పుకుంటాడు. ఇంగ్లీషు అనువాదకులు ఇక్కడ నీళ్లు నములుతారు. 'మీరు', 'నువ్వు' ఉన్న మనకు శ్రమే లేదు. యుద్ధాన్ని తిట్టే పంక్తిలో మాత్రం 'మూర్ఖత్వం' అని మర్యాద చేయకూడదు. అక్కడున్నది వీధి మాట కనుక 'వెధవ పని' అనే అనాలి.

ప్రెవేర్ రాయగా కోస్మా బాణీ కట్టిన ఎండుటాకుల పాటలో ఆకులను పారతో ఎత్తిపోయవచ్చునన్న మాటకు, లెక్కకు మించి ఉన్నాయన్న జాతీయం అర్థం కూడా ఉంది. 'కుప్పలు' అన్న ఒక్క మాట రెండింటినీ మోస్తుంది. 'ఆటమ్ లీవ్స్' అన్న ఇంగ్లీషు పేరు చూసి 'శరత్తు' అని రాస్తే తెలుగు పాఠకుడికి వెన్నెల గుర్తొస్తుంది, ఆకులు రాలేది మనకు శిశిరంలో.

ప్రెవేర్ 1977 ఏప్రిల్ 11న మరణించాడు, మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లు హక్కులుంటాయి కనుక అచ్చు వేయాలంటే అనుమతి తప్పనిసరి. మీ నోట్‌బుక్‌కు ఆ బాధ లేదు.

మూడోదిగా, పక్షి బొమ్మ గీయడం ఎలాగో చెప్పే కవితను పట్టుకోండి. ముందు తలుపు తెరిచిన పంజరాన్ని గీయాలని మొదలయ్యే ఆ కవితలో క్రియలు ఎక్కువగా కాలం, పురుష లేని రూపంలో ఉంటాయి. వాటికి సరిపోయే తెలుగు, వంటల పుస్తకాల్లో వాడే 'వేయాలి, పోయాలి, ఆగాలి' అన్న రూపమే. టి.నగర్ పెద్దావిడ కాఫీ కవితలో తప్పుపట్టిన ఆ గొంతు ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.