30 రోజుల జవాబు 30 రోజుల్లోనే రావాలంటే: ఒడిశా తెలుగువారికి ఆర్‌టీఐ పద్ధతి

సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) 2005 ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఈ లెక్కకు మధ్యలో కొన్ని విరామాలున్నాయి. నకళ్ల రుసుము కట్టమని ఆఫీసు ఉత్తరం పంపితే, మీరు కట్టేదాకా లెక్క ఆగుతుంది. దరఖాస్తు వేరే ఆఫీసుకు వెళ్తే అక్కడ మళ్లీ మొదలవుతుంది. మూడో వ్యక్తి (మీరూ ఆఫీసూ కాక మరొకరి) వివరాలు అడిగితే గడువు 40 రోజులు అవుతుంది. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లకు వీటికి తోడు భాష, సరిహద్దు చిక్కులు కూడా ఉంటాయి. ఆఫీసుకు ఈ విరామాలు దొరక్కుండా దరఖాస్తు రాయడమే అసలు పని.

ముందు భాష సంగతి

చట్టంలోని సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి. ఒడిశాలో అధికార భాష ఒడియా. ఊళ్లో సగం మంది తెలుగు మాట్లాడినా సరే, తెలుగులో రాసిన దరఖాస్తు పక్కన పడిపోతుంది. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు చాలు, వ్యాకరణ దోషాలున్నా ఫర్వాలేదు. రాయలేనివాళ్లు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత పౌర సమాచార అధికారిదేనని (ఆఫీసులో ఈ దరఖాస్తులు తీసుకుని జవాబిచ్చే అధికారి) అదే సెక్షన్ చెబుతోంది. ఇది అడిగి చేయించుకోవాల్సిన హక్కు, మొహమాట పడొద్దు. రికార్డు ఒడియాలో ఉంటే నకలు కూడా ఒడియాలోనే వస్తుంది. తర్జుమా చేసి ఇవ్వమని అడిగితే అభ్యంతరం చెప్పడానికి వాళ్లకు ఒక దారి దొరుకుతుంది.

ఫారం, రుసుము, గుర్తింపు

రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు ఒడిశా నియమావళిలోని ఫారం ఏ వాడాలి. రుసుము 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించడం అన్నిటికన్నా సులువు, చేతికి ఇచ్చేటప్పుడైతే నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. పోస్టల్ ఆర్డరు రైల్వే, పోస్టాఫీసు, ప్రభుత్వ బ్యాంకుల వంటి కేంద్ర ఆఫీసులకు పనికొస్తుంది. ఈ రెండూ తారుమారైతే దరఖాస్తు తిరుగు టపాలో వస్తుంది, రెండు వారాలు వృథా. ఫారం ఏతో గుర్తింపు కాగితం అడుగుతారు. ఆర్‌టీఐ పౌరులకున్న హక్కు కాబట్టి ఓటరు కార్డు నకలు మంచిది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. నకలు మీద అడ్డంగా 'ఆర్‌టీఐ దరఖాస్తుకు మాత్రమే' అని రాసి సంతకం పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుసుము కట్టనక్కర్లేదు, కానీ ఆ కార్డు నకలు జతచేయకపోతే మినహాయింపు ఇవ్వరు.

చేతికి ఇస్తే మీ కాపీ మీద తేదీ, డైరీ నంబరు, ముద్ర వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టులో పంపి, ఆన్‌లైన్ ట్రాకింగ్ పేజీని ముద్రించి దాచుకోండి. మీ లెక్క మొదలయ్యేది పంపిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి. సహాయ పౌర సమాచార అధికారికి ఇస్తే ఇంకో 5 రోజులు కలుస్తాయి. అందుకే నేరుగా పౌర సమాచార అధికారి పేరిటే వేయండి. ఆయన హోదా ఆఫీసు గోడ మీది బోర్డులో ఉండాలి.

ప్రశ్న ఎలా ఉండాలి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 'మా ఊరి రోడ్డు ఎందుకు పాడైంది?', 'బాధ్యులెవరు?' అని అడిగితే జవాబు రాదు. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న కాగితాన్ని, అధికారి అభిప్రాయాన్ని కాదు. గుమాస్తా ఒక ఫైలు తీసి, జిరాక్స్ తీసి ఇచ్చేయగలిగేలా అడగాలి. రోడ్డు గురించైతే ఇలా (ఒడిశా ఆఫీసుకు దీన్నే ఇంగ్లీషులో రాయండి):

'ఫలానా బ్లాకు, ఫలానా పంచాయతీలో 2023-24లో మంజూరైన ఫలానా రోడ్డు పనికి సంబంధించిన ఎస్టిమేట్, వర్క్ ఆర్డరు, మెజర్‌మెంట్ బుక్‌లో ఆ పని పేజీలు, తుది బిల్లు, వీటి ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు.'

మెజర్‌మెంట్ బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. పని పేరు, సంవత్సరం, పంచాయతీ, కాగితం పేరు, ఈ నాలుగూ ఉంటే 'సమాచారం స్పష్టంగా లేదు' అనే వీలుండదు. 'గత పదేళ్ల పనులన్నిటి వివరాలు' అంటే, రికార్డు ఏరాలంటే సిబ్బంది సమయం విపరీతంగా పోతుందని అడ్డుగా సెక్షన్ 7(9) చూపిస్తారు. అంత కావాలనుకుంటే ముందు రిజిస్టరు చూసే అవకాశం అడగండి. చట్టంలోని 2(జె) రికార్డును కళ్లారా పరిశీలించే హక్కు ఇస్తోంది. చూసి, కావలసిన పేజీలే నకలు తీసుకోవచ్చు.

ఒక దరఖాస్తులో ఒకే ఆఫీసు విషయం ఉండనివ్వండి. తహసీల్ ఆఫీసు మ్యూటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) సంగతి, బ్లాకు ఆఫీసు ఇంటి మంజూరు సంగతి కలిపేస్తే సెక్షన్ 6(3) కింద ముక్కలు చేసి వేరే ఆఫీసుకు పంపుతారు. బదిలీ 5 రోజుల్లో జరగాలి, జరగకపోయినా మీకు తెలిసేసరికి నెల గడిచిపోతుంది.

నిలిచిపోయిన పట్టా, పింఛను, రేషన్ కార్డు కోసం వేరే రకం ప్రశ్న ఉంది: 'ఫలానా తేదీన ఇచ్చిన, ఫలానా నంబరు గల నా దరఖాస్తు ఏ ఉద్యోగి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో, ఆ ఉద్యోగి హోదాతో సహా నోట్ షీట్ నకలు ఇవ్వండి.' నోట్ షీట్ అంటే ఫైలు మీద ఒక్కో ఉద్యోగి రాసిన మాటల కాగితం. జాప్యం ఎవరి టేబుల్ మీద జరిగిందో ఈ కాగితమే చెబుతుంది. ఆ నకలు తయారు చేసేటప్పుడు అసలు పనే కదిలే అవకాశం ఉంది.

పక్కవాళ్ల ఖాతా నంబర్లు, ఆరోగ్య వివరాలు అడగొద్దు. సెక్షన్ 11 కింద మూడో వ్యక్తికి నోటీసు వెళ్తుంది, పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తిగత వివరాలు ఇవ్వనక్కర్లేదనే ఆర్‌టీఐ సెక్షన్ 8(1)(జె)ని ఇంకా బిగించింది. జాబితా కావాలంటే 'వ్యక్తిగత వివరాలు కొట్టివేసి మిగతాది సెక్షన్ 10 ప్రకారం ఇవ్వండి' అని ముందే రాయండి.

సరిహద్దు చిక్కులు

ఒడిశా విడిగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ కాలపు భూమి కాగితం తహసీల్‌లో అడిగితే 'లేదు' అనే ఒక్క ముక్కతో ముగిస్తారు. రికార్డుతో పాటు 'మీ దగ్గర లేకపోతే ఏ తేదీన ఏ ఆఫీసుకు అప్పగించారో ఆ రిజిస్టరు పేజీ నకలు' అని రెండో వాక్యం కలపండి. పొట్టంగి బ్లాకులో ఒడిశా, ఆంధ్ర రెండూ తమవనే కొటియా ఊళ్ల వంటి చోట్ల రెండు రాష్ట్రాల దగ్గరా కాగితాలుంటాయి. ఒడిశాకొకటి, ఆంధ్రకొకటి వేరువేరుగా వేయండి. ఆంధ్రలో రుసుము లెక్క వేరు: గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5, ఆపైన 10 రూపాయలు. అక్కడ తెలుగులోనే రాయవచ్చు.

లెక్క తప్పకుండా

దరఖాస్తు జనవరి 5న అందిందనుకుందాం. గడువు ఫిబ్రవరి 4. జనవరి 25న నకళ్ల రుసుము కోసం ఉత్తరం పంపితే 20 రోజులు వాడుకున్నట్టు. మీరు ఫిబ్రవరి 4న కడితే మధ్యలోని 10 రోజులు లెక్కలోకి రావు, మిగిలిన 10 రోజులూ ఫిబ్రవరి 14న ముగుస్తాయి. ఉత్తరం అందిన రోజే కట్టేయండి. గడువు దాటాక రుసుము అడిగితే 7(6) ప్రకారం సమాచారం ఉచితం, ఆ సెక్షన్ రాసి జవాబివ్వండి.

ఏ ఉత్తరమూ రాకపోతే ఫిబ్రవరి 4 తర్వాత తిరస్కరించినట్టే లెక్క. అప్పటి నుంచి 30 రోజుల్లో, అంటే మార్చి 6లోగా, అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఒడిశాలో ఫారం డి, 20 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. అప్పీలులో ఆవేదన రాయొద్దు. అందిన తేదీ, గడువు తేదీ, ఎన్ని రోజులు దాటిందీ, ఈ మూడూ ముందు రాసి, దరఖాస్తు కాపీ, ట్రాకింగ్ కాగితం జతచేయండి. ఆ పై అధికారి 30 రోజుల్లో, కారణం రాసిపెడితే 45 రోజుల్లో తేల్చాలి.

ఆ తర్వాత 90 రోజుల్లో భువనేశ్వర్‌లోని ఒడిశా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు: ఫారం ఇ, 25 రూపాయల స్టాంపు. అక్కడ వంతు రావడానికి చాలా కాలం పడుతుంది, కాబట్టి మొదటి అప్పీలునే గట్టిగా రాయడం మంచిది. కమిషన్‌ను పౌర సమాచార అధికారి మీద రోజుకు 250, మొత్తం 25,000 రూపాయల దాకా సెక్షన్ 20 జరిమానా, 19(8)(బి) పరిహారం రెండూ విడివిడిగా కోరండి. పరిహారం అడిగితే బస్సు టికెట్లు, జిరాక్స్ రసీదులు జతచేయాలి.