కొండపల్లి బొమ్మల షాపులో కదలని సరుకు కదిలిందిలా

లోపం సరుకులో లేదు, అరల్లో ఉంది. పెద్ద దశావతారాల సెట్లేమో కంటికెదురుగా, జనం అడిగే ఎడ్లబండ్లు, ఏటికొప్పాక బొంగరాలేమో అడుగు అరలో. తారుమారు చేశాం: నేలకు నాలుగైదు అడుగుల ఎత్తులో 200–500 రూపాయలవి, పైన పెద్దవి, గల్లా పక్కన వందలోపువి. ధర చీటీ ప్రతి బొమ్మకీ ఉండాల్సిందే. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

అసలు తలనొప్పి కొనుగోలు. కొత్త రకం ఏదైనా ముందు ఆరే తెప్పించాలి, రెండు మిగలగానే మళ్లీ ఆర్డరు చెప్పాలి. బొమ్మ అడుగున వచ్చిన నెల పెన్సిల్‌తో రాస్తే 90 రోజులు దాటినవి ఇట్టే దొరుకుతాయి. వాటి ధర తెగ్గొట్టేకంటే బాగా పోయే బొమ్మతో జతకట్టడం మేలు.

సంక్రాంతి కొలువు సరుక్కి నవంబరు మొదట్లోనే ఆర్డరివ్వాలి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెక్క సరిగ్గా ఆరకుండా తొందరపెడితే తరవాత పగుళ్లొస్తాయి. చేతులు, కొమ్ములు చింతపిక్కల ముద్దతో అతికించినవి కాబట్టి పెట్టె దించుకోగానే, బిల్లు కట్టకముందే, ఒక్కొక్కటీ కదిపి చూడాలి. ఎండపడే అద్దాల బీరువా మాత్రం వద్దు. ఏటికొప్పాక సహజరంగులు వెలిసిపోతాయి.