ఇంట్లో ఎప్లీ వ్యాయామం మొదలుపెట్టే ముందు

పక్క మీద దొర్లినప్పుడు, తల పైకెత్తినప్పుడు నిమిషంలోపు గది గిర్రున తిరిగి ఆగిపోతుంటే అది చాలావరకు బీపీపీవీ, అంటే తల కదిపినప్పుడల్లా కాసేపు కళ్లు తిరిగే లోపలి చెవి సమస్య. లోపలి చెవిలోని కాల్షియం రేణువులు చోటు తప్పి, తల కదలికను పసిగట్టే అర్ధవృత్తాకార నాళాల్లోకి జారడమే కారణం. తలను, ఒంటిని వరుసగా కొన్ని భంగిమల్లోకి తిప్పే ఎప్లీ వ్యాయామం వాటిని వెనక్కి పంపుతుంది. కానీ మంచమెక్కే ముందు ఇవి చూసుకోండి.

– ఏ చెవి, ఏ నాళం అన్నది డాక్టరో ఫిజియోథెరపిస్టో పరీక్షించి చెప్పాలి. వీడియోలు చూసి ఊహించుకోవద్దు.
– మెడ డిస్క్ నొప్పి, మెడ రక్తనాళాల్లో పూడిక, ఈమధ్య జరిగిన కంటి రెటీనా ఆపరేషన్: ఏది ఉన్నా ముందే చెప్పండి. తలను 45 డిగ్రీలు తిప్పి, మెడను వెనక్కి వాల్చి ఉంచాలి కాబట్టి అన్నిటికంటే ఇదే ముఖ్యం. పెద్దవాళ్లు ‘మామూలు మెడనొప్పే’ అని దాటేస్తుంటారు, గుచ్చి అడగండి.
– టిఫిన్ తిన్న వెంటనే వద్దు. వాంతి రావచ్చు, పక్కన బకెట్ ఉంచుకోండి.
– ఒకరు తోడుండాలి. మధ్యలో కళ్లు తిరగడం మామూలే, కంగారుపడి దిగ్గున లేవకండి.
– అయ్యాక వెంటనే బండి తీయొద్దు.

మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చేయి కాలు పట్టు తప్పినా వ్యాయామం పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.